మంచు కింద పొయ్యి

భరణి కార్తె, మూడో రోజు
బయట 47. మంచు మందం 32. స్కేటింగుకి వచ్చినవాళ్ళు 1,140.

ఈ పుస్తకంలో పై మూడు అంకెలు తప్ప ఇంకేమీ రాయొద్దని శీతల బోర్డువాళ్ళు మొదటి పేజీలోనే అచ్చు వేశారు. నేను ఇరవై రెండేళ్ళుగా రాస్తూనే ఉన్నాను, వాళ్ళు ఇరవై రెండేళ్ళుగా చదవకుండా సంతకం పెడుతూనే ఉన్నారు. కాబట్టి ఈ ఏడు కూడా నా ఇష్టం వచ్చినట్టే రాస్తాను.

నా పేరు గాదె ఇన్నమ్మ. రెంటచింతల మంచు రింకుకి మేస్త్రిని. ఒకప్పుడు వేసవి వస్తే వార్తల్లో అందరికంటే ఎక్కువ వేడి ఎక్కడంటే మా ఊరి పేరే చదివేవాళ్ళట. ఇప్పుడు అందరికంటే మంచి మంచు ఎక్కడంటే మా ఊరి పేరే చదవాలి, చదవకపోతే వాళ్ళ ఖర్మ. పైకప్పు మీది పలకలు ఎండ తాగుతాయి, ఆ కరెంటుతో కింద యంత్రాలు మంచు చేస్తాయి. పైన ఎంత మండితే కింద అంత గట్టిగా గడ్డకడుతుంది.

పొద్దున్నే ఏనుగుని తోలాను. ఏనుగంటే మంచు చదును చేసే బండి. ముందు కత్తితో పైపొర గీకుతుంది, వెనక వేడినీళ్ళు పోసుకుంటూ పోతుంది. చన్నీళ్ళు పోస్తే పైన పెచ్చు కడుతుంది. వేడినీళ్ళయితే కింది మంచుని కాస్త కరిగించి దాంతో కలిసిపోతుంది. ఇది తెలియనివాళ్ళు మంచు మీద వేడినీళ్ళేమిటని నోరు తెరుస్తారు. వాళ్ళని చూస్తే నాకు భలే సరదా.

పదింటికి ఎండకూత కూసింది. సాయంత్రం అయిదు దాకా బయట మనిషన్నవాడు కనపడకూడదు. ఊరంతా పందిరి బజారులోంచి నడుచుకుంటూ రింకులోకి వచ్చింది. మూడు వాడలకి మూడు పూటలు. ఎవరి పూటలో వాళ్ళు కత్తిబూట్లు కట్టుకుని మంచు మీద తిరుగుతారు. మిగతావాళ్ళు చుట్టూ మెట్ల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూనో, కునుకు తీస్తూనో ఉంటారు.

ఇవాళ కారంపూడి నుంచి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళని సాక్సుల గది గోడకున్న నాపరాయి ఫలకం ముందు నిలబెట్టి ఆ కథ చెప్పాను. దాని మీద చెక్కి ఉంటుంది: ‘మంచు కింద పొయ్యి ఆర్పినది గాదె ఇన్నమ్మ.’

కథ చిన్నదే. రింకు కట్టిన ఏడాది నాకు ముప్ఫై ఏళ్ళు. యంత్రాలు మంచు చేసేటప్పుడు వాటి వెనక వేడి పుడుతుంది. ఆ వేడిని ఎక్కడికి పంపారో చూద్దామని గొట్టాల వెంబడి పోతే, అది తిన్నగా మంచు గచ్చు కిందికి, నేలలోకి పోతోంది! పన్నెండు వరసల ఉప్పునీటి గొట్టాలు వేసి మరీ నేలని వెచ్చబెడుతున్నారు. ఎక్కడ? రెంటచింతలలో! ఎక్కడో చలిదేశంలో గీసిన పటం చూసి కట్టినట్టున్నారు అనుకున్నాను. గొట్టం మీది చక్రాన్ని రెండు చేతులా తిప్పి ఆ వేడిని సాక్సులు ఉతికే తొట్టికి మళ్ళించాను. ఊరంతా పగలబడి నవ్వింది, చప్పట్లు కొట్టింది, నన్ను మేస్త్రిని చేసింది. కారంపూడివాళ్ళు కూడా కడుపు పట్టుకుని నవ్వారు.

సాయంత్రం వెళ్ళబోతూ పూర్ణయ్య మాస్టారు ఆగారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, రోజుకి పదకొండు చుట్లు తిరగందే బూట్లు విప్పరు. “అమ్మాయ్, తూర్పు మలుపులో నేల ఎక్కుతున్నట్టుందే” అన్నారు. మీకు కాళ్ళు దిగుతున్నాయి మాస్టారూ, నేల ఎక్కడం లేదు అన్నాను.

భరణి కార్తె, తొమ్మిదో రోజు
బయట 48. మంచు మందం 32. వచ్చినవాళ్ళు 1,204.

మాస్టారి మాట తీసిపారేసినందుకు లెంపలేసుకున్నాను. పొద్దున ఎందుకో అనుమానం వచ్చి తూర్పు మలుపు మీద ఈ చివర నుంచి ఆ చివరకి తాడు బిగించి చూశాను. మధ్యలో తాడు మంచుని తాకుతోంది. పద్నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు, ఎడ్లబండి చక్రమంత వెడల్పు.

ఏనుగు కత్తి ఒక పక్కకి వాలి ఉంటుంది, నీళ్ళు అక్కడ ఎక్కువ పడి ఉంటాయి. కత్తి సరిచేసి, ఆ ఎత్తుని మూడుసార్లు గీకేశాను. అద్దంలా వచ్చింది. ఇరవై రెండేళ్ళలో నా మంచు నన్ను ఎదిరించి నిలిచిన రోజు లేదు.

కృత్తిక కార్తె, రెండో రోజు
బయట 49. మంచు మందం 32, తూర్పు మలుపులో 18. వచ్చినవాళ్ళు 1,251.

మళ్ళీ లేచింది. మొదటి నుంచీ కలిపి లెక్కేస్తే ఇరవై ఒకటి. ఊళ్ళో దానికి అప్పుడే పేరు కూడా పెట్టేశారు, మూపురమని. ఎద్దు మూపురంలాగే గుండ్రంగా ఉంది మరి.

సన్న బరమాతో మంచుకి రంధ్రం పెట్టి చూశాను. అంతటా ముప్ఫై రెండున్న మంచు మూపురం మీద పద్దెనిమిదే. అంటే నేను గీకేస్తున్నది మంచునే గాని, లేస్తున్నది మంచు కాదు. కింద గచ్చు లేస్తోంది. ఇంకా గీకితే కత్తి గచ్చులోని చల్లగొట్టాలకి తగులుతుంది. గొట్టం తెగితే ఆ పూటకే రింకు కథ ముగుస్తుంది. కాబట్టి గీకడం మానేశాను.

సైదమ్మక్కకి చెప్పాను. సైదమ్మ సాక్సుల గదికి యజమానురాలు. బోర్డు దృష్టిలో ఉద్యోగి, ఆమె దృష్టిలో యజమానురాలు. ఊరందరి ఊలు సాక్సులు ఉతికి, ఆరబెట్టి, కొలత చూసి ఇచ్చేది ఆమే. ముప్ఫై ఏళ్ళ స్నేహం మాది.

“నేల లేత్తందా? ఏందే అది, పుట్టగొడుగా?” అంది.

“నవ్వమాక అక్కా. మూపురం నలభై దాటితే బోర్డోళ్ళు రింకు మూసేస్తారు.”

“నువ్వుండగా ఎవడే మూసేది? పో, పోయి అన్నం తిను.”

ఆ మాటకి నిజంగానే ధైర్యం వచ్చింది.

కృత్తిక కార్తె, అయిదో రోజు
బయట 49. మంచు మందం నిన్నటిదే. మూపురం 24. వచ్చినవాళ్ళు 1,198, పడినవాళ్ళు లెక్కలేనంతమంది.

మూపురానికి ఒక వైపు నిటారు, రెండో వైపు వాలు. ఊరంతా నిటారు వైపు నుంచే ఎక్కుతున్నారు, ఎందుకంటే మా ఊళ్ళో అందరూ కుడిచేతి వాటంగా, గుడి చుట్టూ తిరిగినట్టే తిరుగుతారు. ఎవరూ పెట్టిన నియమం కాదు, మొదటి రోజే అలా మొదలైంది. చర్చికి వెళ్ళే మేమూ అలాగే తిరుగుతాం. ఇవాళ మాత్రం దిక్కు మార్చమని మైకులో చెప్పాను. ఎడమచేతి వాటంగా వస్తే వాలు మీంచి సుళువుగా ఎక్కొచ్చు.

పూర్ణయ్య మాస్టారు మంచు మధ్యలో ఆగిపోయారు. “అప్రదక్షిణమా, అమ్మాయ్?”

“దేవుడు లేడు గదా మాస్టారూ మధ్యలో.”

“నువ్వున్నావుగా ఏనుగు మీద!” అన్నారు. జనం గొల్లుమన్నారు.

ఆయన మాట అటుంచి, ఊళ్ళో ఒక్కరికీ ఎడమకి మళ్ళడం చేతకాలేదు. ఇరవై రెండేళ్ళుగా కుడికే వంగిన నడుములు. నేను దిగి చూపిద్దామని పోయి, అందరి ముందూ వెల్లకిలా పడ్డాను. మధ్యాహ్నం పూటకల్లా పాత దిక్కే ఖాయం చేసి, మూపురం చుట్టూ ఎర్రతాడు కట్టించాను.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు
బయట 50. మూపురం 30. వచ్చినవాళ్ళు 1,302.

బోర్డు నుంచి కబురొచ్చింది. రోహిణి మొదటి రోజున కొలతల అధికారి వస్తుంది. ఎర్రతాడు సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. చెప్పనీ, దాచేది ఏముంది?

దాచేది లేదు గాని, భయం ఉంది. అది కూడా రాస్తాను. రింకు మూసేస్తే రోహిణి పదిహేను రోజులూ ఊరిని బస్సులెక్కించి, చల్లగా ఉంటుందని సాగర్ సొరంగాలకి తోలతారు. రింకు లేని రోజుల్లో అదే పద్ధతి. ముసలివాళ్ళు, చంటిబిడ్డలు, మంచానపడ్డవాళ్ళు, అందరూ తెల్లవారకముందే బయల్దేరాలి. ఒక ఏడాది బస్సు మాచెర్ల దాటాక ఆగిపోయింది. మా అమ్మ ఆ బస్సులోనే పోయింది. నీళ్ళసీసా నా చేతిలోనే ఉంది, నీళ్ళు కూడా ఉన్నాయి, అయినా పోయింది. ఆ తరవాతే ఊరు గట్టిగా అడిగి రింకు తెచ్చుకుంది.

అందుకే నాకు ఈ మంచంటే అంత గీర. మళ్ళీ ఆ బస్సుల్ని మా ఊరికి రానివ్వను.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు
బయట 50. మూపురం 34. వచ్చినవాళ్ళ సంఖ్య సైదమ్మని అడిగి రాయాలి.

ఎక్కడో నీళ్ళు కారి గచ్చు కింద మట్టి ఉబ్బుతోందని నా అనుమానం. నల్లరేగడి కదా, తడిస్తే ఉబ్బుతుంది. పొద్దున్నే గునపం పట్టుకుని తూర్పు గోడ కింద ఉన్న పైపుల గదిలోకి దిగాను. ఆ గదికి గచ్చు లేదు, ఉత్త మట్టి. గోడ అవతలే ఇంకుడు గుంత ఉంది. సాక్సులు ఉతికిన నీళ్ళన్నీ అందులోకే పోతాయి. పోయిన వానాకాలంలోనే, పడమటి కాలువ పూడిపోతోందని, నేనే ఇటు తిప్పించాను.

గునపం వేస్తే టంగుమంది. నాపరాయి తగిలిందనుకున్నాను. ఇంకో చోట వేశాను. అక్కడా టంగుమంది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక పెళ్ళ పెకలించి తీశాను. రాయి కాదు. నల్లమట్టే. మట్టి మధ్యలో పూతరేకు పొరల్లా తెల్లటి మంచు. చేతికి జివ్వుమంది. బయట యాభై డిగ్రీల ఎండ కాస్తోంది, నా చేతిలో రెంటచింతల మట్టి గడ్డకట్టి ఉంది.

పెళ్ళ కరిగి బురదై వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా అక్కడే కూర్చున్నాను. అర్థం కావడానికి అంతసేపు పట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా పైనుంచి చలి దిగుతూనే ఉంది. కింద నేల కొద్దికొద్దిగా గడ్డకడుతూనే ఉంది. పొడిగా ఉన్నన్నాళ్ళూ ఊరుకుంది. సాక్సుల నీళ్ళు అందేసరికి ఆ నీళ్ళు మంచై, మంచు ఉబ్బి, గచ్చుని పైకెత్తుతోంది. చలి కిందికి దిగకుండా ఆపడానికే ఆ పొయ్యి పెట్టారు. గొట్టాలు వేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. ఎండలు తప్ప ఇంకేమీ తెలియని ఊరు మాది, అందులో మరీ ఎక్కువ తెలుసనుకున్నది నేను. ఈ నేల గడ్డకడుతుందని మాలో ఎవరికి తోస్తుంది?

పైకి వచ్చేసరికి ఫలకం ముందు నలుగురు కొత్తవాళ్ళు నిలబడి ఉన్నారు. కథ చెప్పమన్నారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను.

కృత్తిక కార్తె, పదమూడో రోజు
బయట 51. మూపురం 36.

సైదమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె సాక్సులు మడతపెడుతూ విన్నది.

“ఇప్పుడు ఆ చక్రం ఎనక్కి తిప్పితే మూపురం అణుగుద్దా?”

“అణగాలి. నిదానంగా. గొట్టాలు ఇంకా బతికుంటే.”

“మరి తిప్పకుండా ఈడ కూకున్నావేంది?”

“తిప్పాలంటే అధికారి ముందు కారణం రాయాలక్కా. ఎందుకు కట్టేశారు, ఎవరు కట్టేశారు అని అడుగుద్ది.”

“గొట్టం కారిందని రాయి. ఎవురు జూడొచ్చారు?”

నిజం చెప్పొద్దూ, ఆ మాట నా మనసులోనూ ఉంది. గొట్టం కారిందంటే అయిపోతుంది. ఫలకం గోడ మీదే ఉంటుంది, నేను మేస్త్రిగానే ఉంటాను. కానీ గొట్టం కారిందంటే బోర్డువాళ్ళు ముందు గచ్చు తవ్వుతారు. తవ్వాలంటే మంచు తీసెయ్యాలి. మూడు నెలలు. నా పరువు నిలబెట్టుకోవాలంటే ఊరిని బస్సెక్కించాలి.

ఇదంతా సైదమ్మకి చెప్తే ఆమె సాక్సులు పక్కన పడేసి, “అయితే ఇంకా ఆలోచన ఎందుకంటా నీకు?” అంది.

రోహిణి కార్తె, మొదటి రోజు
బయట 52. మంచు మందం 32, తూర్పు మలుపులో 17. మూపురం 38. ఊరంతా వచ్చింది.

అధికారి పేరు నస్రీన్. ముప్ఫై ఏళ్ళుంటాయి. చేతిలో కొలబద్ద, చంకలో పటాల చుట్ట. చెప్పుల మీదే మంచెక్కబోతే నేనే ఆపి, సైదమ్మ చేత సాక్సులు తొడిగించాను. మూపురాన్ని మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ ముప్ఫై ఎనిమిదే.

తరవాత గొట్టాల వెంబడి నడిచింది. నేను ముప్ఫై ఏళ్ళప్పుడు నడిచిన దారే. చక్రం దగ్గర ఆగింది. “మేస్త్రి గారూ, నేల వేడి గొట్టాలు కట్టేసి ఉన్నాయేమిటి?”

నేను నోరు తెరిచేలోపే జనం అందుకున్నారు. అది మా ఇన్నమ్మ చేసిన పనేనమ్మా! మంచు కింద పొయ్యి పెట్టారమ్మా తెలివిగలోళ్ళు! అంటూ తలా ఒక ముక్కా చెప్పారు. పూర్ణయ్య మాస్టారు ఫలకం చదివి వినిపించారు కూడా. నస్రీన్ నవ్వలేదు. నా వంక చూసింది. ఆమెకి అర్థమైపోయిందని నాకూ అర్థమైంది. ఆమె చెప్పేదాకా ఆగితే అది ఆమె మాటవుతుంది. నా తప్పు నా నోటితోనే రావాలి.

మైకు తీసుకున్నాను. ఏనుగు మెట్టెక్కి నిలబడ్డాను.

“అందరూ ఇనండి. మూపురం లేపింది నేనే. ఆ పొయ్యి ఉండాల్సిందే. ఆర్పింది నేను. మన ఊళ్ళో నేల గడ్డకట్టుద్దా అని ఎగతాళి చేశా. గడ్డకట్టింది. పైపుల గదిలో మట్టి ఉంది, ఎవరికి కావాలంటే వాళ్ళు పోయి ముట్టుకుని రండి. పోయినేడు సాక్సుల నీళ్ళు కూడా నేనే అటు తిప్పా. మీరు నవ్వారు, చప్పట్లు కొట్టారు, అది మీ తప్పు గాదు. చక్రం తిప్పిన చేతులు నాయి.”

సిగ్గుతో ముఖం మండిపోయింది. కానీ ఒకటి చెప్పాలి, కాళ్ళు మాత్రం గట్టిగానే నిలబడ్డాయి.

మొదట కదిలింది పూర్ణయ్య మాస్టారు. బూట్లతోనే టకటకా పైపుల గది మెట్లు దిగి, ఇంత మట్టిపెళ్ళ పట్టుకొచ్చి అందరికీ చూపించారు. “మా బళ్ళో నేను నలభై ఏళ్ళు పాఠం చెప్పా. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయని ఏటా చెప్పా. ఆ రోజు మీకంటే గట్టిగా నవ్వింది నేను” అన్నారు.

నస్రీన్ మైకు అడిగి తీసుకుంది. “నియమం ఒకటే. నలభై దాటిన రోజు మూసేస్తాను. దాటేదాకా మూసే హక్కు నాకు లేదు. వేడి ఇస్తే వెంటనే తగ్గదు, ముందు కాస్త పెరగొచ్చు కూడా. కరిగేలోపు దాటితే నేనేమీ చెయ్యలేను.”

చక్రం ఇరవై రెండేళ్ళ తుప్పు పట్టి ఉంది. నేనూ, సైదమ్మా చెరో వైపు పట్టి తిప్పాం. పన్నెండు వరసల్లో పది వరసలు వెచ్చబడ్డాయి. రెండు చచ్చిపోయాయి. పది చాలు. చాలాలి.

రోహిణి కార్తె, మూడో రోజు
బయట 52. మూపురం 39. వచ్చినవాళ్ళు 1,310.

నస్రీన్ ఊళ్ళోనే దిగింది. రోజూ రెండుసార్లు కొలుస్తుంది. మధ్యలో ఖాళీ కాబట్టి స్కేటింగు నేర్చుకుంటానంది. కటకటాలు పట్టుకుని వేళ్ళాడుతూ, నా వైపు చూసి, “ఇది కొలవడం కంటే కష్టం మేస్త్రి గారూ” అంది. మోకాళ్ళు వంచమన్నాను. కొత్తవాళ్ళందరూ నిటారుగా నిలబడితే పడరనుకుంటారు.

వేడంతా నేలకి పోతోంది కాబట్టి సాక్సుల తొట్టికి వేన్నీళ్ళు లేవు. ఎలా అక్కా అని సంజాయిషీ చెప్పుకోబోయాను.

“నీ మొహం! రోహిణిలో టాంకీ నీళ్ళే సలసల కాగుతంటే మళ్ళీ వేన్నీళ్ళెందుకే మనకి?” అంది సైదమ్మ. ఆ మాట ఇరవై రెండేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. చాలా రోజులైంది అలా నవ్వి.

ఉతికిన నీళ్ళు ఇంకుడు గుంతకి పోకుండా పడమటి కాలువ బాగు చేసుకోవాలి. చెప్పీ చెప్పకముందే మూడు వాడలవాళ్ళూ పారలు తెచ్చారు. ఎండకూతకి ముందే, మూడు పొద్దుల్లో తీసేస్తామని లెక్క చెప్పారు. పార అందిస్తూ ఒక పెద్దాయన, “ఇదన్నా సరైన దిక్కేనా ఇన్నమ్మా, మళ్ళీ పదేళ్ళకి మార్చాలా?” అన్నాడు. అనిపించుకున్నాను. ఇంకా చాలా అనిపించుకోవాల్సి ఉంది.

రోహిణి కార్తె, ఆరో రోజు
బయట 53. మూపురం పొద్దున 39, సాయంత్రం 40.

నలభై దాటితే అని నియమం. నలభై అయితే అని కాదు. నస్రీన్ కొలబద్ద మీద కళ్ళు పెట్టి చాలాసేపు వంగి ఉంది. “నలభై” అంది. “ఆ పైన ఒక్క వెంట్రుక కూడా లేదు.”

బోర్డు బస్సులు మాచెర్లలో సిద్ధంగా ఉన్నాయని ఆమె ఫోనుకి కబురొచ్చింది. పూర్ణయ్య మాస్టారు పదకొండు చుట్లూ తిరిగి, బూట్లు విప్పి, రోజూ పెట్టే అరలో కాకుండా సంచిలో పెట్టుకున్నారు. పైపుల గదిలోకి దిగి గోడకి చెయ్యి ఆనించాను. గోడ చల్లగానే ఉంది. గునపం తీసి మట్టిలో వేశాను.

టంగుమనలేదు. సగం దిగబడింది.

పైకొచ్చి మాస్టారి సంచిలోంచి బూట్లు తీసి అరలో పెట్టేశాను. “ఏమిటమ్మాయ్?” అన్నారు. రేపు కూడా పదకొండు చుట్లున్నాయి మాస్టారూ, మోకాళ్ళకి నూనె రాసుకుని రండి అన్నాను.

రోహిణి కార్తె, ఏడో రోజు
బయట 53. మూపురం పొద్దున 40, సాయంత్రం 39.

సాయంత్రం కొలత నస్రీన్ నాలుగుసార్లు తీసింది. అయిదోసారి కొలబద్ద నా చేతికిచ్చింది. నాకూ ముప్ఫై తొమ్మిదే వచ్చింది. సైదమ్మ మెట్ల మీంచి అరిచింది, “ఎంతే?” అని. చెప్పాను. తొడిమలు తీస్తున్న మిరపకాయలు ఎగిరి మంచు మీద పడ్డాయి. ఏరడానికి అరగంట పట్టింది. నేను తిట్టలేదు.

రోహిణి కార్తె, పన్నెండో రోజు
బయట 52. మూపురం 37. వచ్చినవాళ్ళు 1,344.

దిగుతోంది. నస్రీన్ మాచెర్ల బస్సుల్ని తిప్పి పంపేసింది. వెళ్ళేటప్పుడు ఈ పుస్తకం అడిగింది. సంతకం పెట్టడానికేమో అనుకున్నాను. పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది! చదివి, అన్ని రింకులకీ పంపడానికి నకలు తీసుకుంటానంది. ఎండలున్న ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు ఆ చక్రం తిప్పే ఉంటారని ఆమె అనుమానం. తీసుకోమన్నాను. నేను వెల్లకిలా పడ్డ పేజీ మాత్రం వదిలేస్తావా అని అడిగితే, అదే మొదట పెడతానంది.

మృగశిర కార్తె, మొదటి రోజు
బయట 41, చినుకులు. మంచు మందం 32. మూపురం 35. వచ్చినవాళ్ళు 610, మిగతావాళ్ళు చేపల కోసం పోయారు.

ఎర్రతాడు విప్పేశాను. మూపురం ఇంకా ఉంది, పూర్తిగా అణగాలంటే ఏడాది పడుతుంది. పూర్ణయ్య మాస్టారు దాని మీంచి దర్జాగా దాటి పన్నెండో చుట్టు తిరిగారు. ఈ పన్నెండోది ఏమిటి మాస్టారూ అంటే, “ఈ ఏడాది మొదటి వాన కదమ్మాయ్” అన్నారు.

ఫలకం గోడ మీంచి నేనే పీకేశాను. పగలగొడదామని సుత్తి తెచ్చాను. సైదమ్మ చేతులు అడ్డం పెట్టింది. “ఆగవే. మంచి నాపరాయి. చినుకులకి టాంకీ చల్లబడింది, వేన్నీళ్ళు లేకపోతే తొట్లో మురికి ఒదలట్లా, నాకు ఉతికే బండ లేదు.”

తీసుకెళ్ళి తొట్టి పక్కన పరిచింది. అక్షరాలున్న వైపు పైకి పెట్టింది. ఎందుకక్కా అంటే, నున్నటి వైపు జారిపోతోందట, చెక్కిన వైపు అయితే మురికి బాగా వదులుతుందట. నా పేరు మీద ఊరందరి సాక్సులూ వేసి బాదుతోంది. కాసేపు నిలబడి చూశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వే వచ్చింది.

“పోనీ తిరగేసెయ్యమంటావా?” అంది సైదమ్మ, సబ్బు చేతులతో.

“వద్దులే అక్కా. బాగానే ఉతుకుతోంది కదా, ఉండనీ.”

మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి కొత్తవాళ్ళు వచ్చారు. కథ చెప్పమన్నారు. తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, ఈసారి ఆఖరి దాకా చెప్పాను. మట్టి గడ్డకట్టిన చోట వాళ్ళు నవ్వడం ఆపేశారు. టాంకీ నీళ్ళ దగ్గర మళ్ళీ నవ్వారు. పాత కథకంటే ఇదే బాగుంది.

బోర్డువాళ్ళు అచ్చువేసిన మూడు గడుల పక్కన ఇవాళ్టి నుంచి గీత గీసి నాలుగో గడి కలిపాను. చదివినా చదవకపోయినా నా తరవాత వచ్చే మేస్త్రి రోజూ అది నింపాలి.

పొయ్యి: వెలుగుతోంది.